సాగర్‌నగర్ ఇసకలో తాబేలు గుడ్లు: హ్యాచరీ వాలంటీర్‌గా నా అనుభవం

మార్చి వచ్చిందంటే చాలు వైజాగ్ వాళ్ళ స్టేటస్‌ల నిండా తాబేలు పిల్లలే. బుల్లి బుల్లి నల్లటి పిల్లలు ఇసకలో పాక్కుంటూ వెళ్ళి కెరటంలో కలిసిపోతుంటే వెనకాల జనం చప్పట్లు కొట్టే వీడియో మీరూ చూసే ఉంటారు. నేనూ ఆ వీడియో చూసే వెళ్ళాను. కానీ సీజన్ మొత్తం పని చేశాక నాకు అర్థమైంది ఏంటంటే, ఆ వదిలే పది నిమిషాలు ఈ పనిలో అతి చిన్న భాగం, అసలు పనంతా జనవరి ఫిబ్రవరి రాత్రుళ్ళు ఎవరూ చూడనప్పుడు గుడ్ల దగ్గరే అయిపోతుంది, ఇంకా చెప్పాలంటే మన బీచ్‌కి హ్యాచరీ, అంటే గుడ్లు తెచ్చి కాపాడి పొదిగించే కంచె, అనేదే అక్కర్లేని రోజు వస్తే అంతకన్నా మంచిది లేదు. ఎందుకలా అంటున్నానో మొదట్నుంచీ చెప్తాను, కొంచెం పెద్దదే అవుతుంది.

ముందు తాబేలు సంగతి. మన తీరానికి వచ్చేది ఆలివ్ రిడ్లే. ఆలివ్ ఆకుపచ్చ రంగు డిప్ప, పెద్దది రెండడుగుల పైనే ఉంటుంది, బరువు 35 నుంచి 45 కిలోలు. ఒడిశాలో గహీర్మఠ, రుషికుల్య దగ్గర ఇవి లక్షల్లో ఒకేసారి ఒడ్డుకొస్తాయి, 2025 ఫిబ్రవరిలో రుషికుల్య దగ్గర దాదాపు 7 లక్షల తాబేళ్ళు వచ్చాయి. మన దగ్గర అలా కాదు, ఒకటీ అరా వస్తాయి, ఒక రాత్రి ఆర్కే బీచ్‌లో ఒకటి, ఇంకో రాత్రి జోడుగుళ్ళపాలెంలో రెండు, ఆ పైన భీమిలి రూట్లో చేపలుప్పాడ వైపు కొన్ని. డిసెంబర్ చివర్లో మొదలై ఏప్రిల్ దాకా వస్తూనే ఉంటాయి. లక్షల్లో పెట్టినచోట కుక్కలు కొన్ని తినేసినా మిగిలినవి చాలా ఉంటాయి. మన దగ్గర పెట్టిన ఒక్క గూడు కుక్కకి దొరికిందంటే ఆ రాత్రికి అంతే. అందుకే ఇక్కడ గుడ్లు తీసి కంచె లోపల పాతిపెట్టే పద్ధతి వచ్చింది.

ఇంకోటి, ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో షెడ్యూల్ 1 జంతువు, పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. కాబట్టి ఎవరికి వాళ్ళు బీచ్‌కి వెళ్ళి గుడ్లు తవ్వి తీసుకురావడం నేరం. పనంతా ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ అనుమతితో, వాళ్ళ మనుషుల కళ్ళ ముందే జరగాలి. మత్స్యకార పేటల్లో మనుషుల్నే వాచర్లుగా, అంటే కాపలాకి, పెట్టుకుంటారు, మాలాంటి వాలంటీర్లం వాళ్ళ వెనకాల నడుస్తాం, మోస్తాం, లెక్క రాస్తాం.

నాతో ఆఫీసులో పనిచేసే ఒకావిడ అంతకుముందు సీజన్ నుంచీ వెళ్తోంది, ఆవిడే పేరు రాయించింది. మేం ఉండేది ఎంవీపీ కాలనీలో. ఆడపిల్లవి అర్ధరాత్రి బీచ్ ఏంటే అని మా అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు, తర్వాత ఒక సాయంత్రం తనే వచ్చి వాచర్ బాబాయిని చూసి, ఆయన భార్యతో కూర్చుని అరగంట కబుర్లు చెప్పుకుని, "సరే ఆయన ఉన్నాడు కదా" అంది. ఆయన్ని అక్కడ అందరూ బాబాయి అనే పిలుస్తారు, నేనూ అంతే. చిన్నప్పట్నుంచి సముద్రమ్మీద వేట చేసిన మనిషి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులొచ్చి వేటకి వెళ్ళటం మానేశాడు. నాకు ఈ పని నేర్పింది ఆయనే.

రాత్రి పన్నెండు దాటాక నడక మొదలెడతాం. సాగర్‌నగర్ దగ్గర జూ సముద్రం వైపు గేటుకి ఎదురుగా ఉండే ఒడ్డు మీద ఒక జట్టు అటు, ఒక జట్టు ఇటు. తెల్ల టార్చి వెయ్యకూడదు, మొబైల్ లైటు అసలే వద్దు. ఎర్ర గుడ్డ కట్టిన టార్చి ఒక్కటే, అదీ అవసరమైతేనే. ముదురు రంగు బట్టలు. పోటు ఎక్కడిదాకా వచ్చి తగ్గిందో ఆ తడి గీత పట్టుకుని నడవాలి, ఎందుకంటే తాబేలు ఎక్కడ ఎక్కినా ఆ గీతని దాటాల్సిందే. దాటినచోట జాడ పడుతుంది, ట్రాక్టర్ టైరు వెళ్ళినట్టే ఉంటుంది, రెండు పక్కలా తెడ్డు కాళ్ళ గాట్లు, మధ్యలో పొట్ట ఈడ్చిన చార. ఒక జాడ పైకి, ఇంకో జాడ కిందకి ఉంటే పెట్టేసి వెళ్ళిపోయిందన్నమాట. ఒక్కటే ఉంటే ఇంకా పైనే ఉంది, అక్కడే ఆగిపోవాలి.

మొదటిసారి ఒక్కటే జాడ కనపడ్డ రాత్రి నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. బాబాయి చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపేశాడు. "కూకోండమ్మా ఇక్కడే, దానికి మనం ఉన్నావని తెలీకూడదు, ఇప్పుడు బెదిరిందంటే గుడ్లెట్టకుండా ఎలిపోతాది" అన్నాడు. కూర్చున్నాం. కాసేపటికి కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక కనపడింది, సరుగుడు చెట్ల ముందు చిన్న దిబ్బ మీద, వీపు మాకు పెట్టి. వెనక కాళ్ళతో తవ్వుతోంది. ఒక కాలు లోపలికి పోనిచ్చి, వేళ్ళు ముడిచినట్టు మడిచి, గుప్పెడు ఇసక పైకి తెచ్చి పక్కన పెడుతుంది, అప్పుడు రెండో కాలితో ఆ పక్కకి చేరిన ఇసకని దూరంగా విసురుతుంది, మళ్ళీ ఈ కాలు లోపలికి. వెనక్కి తిరిగి చూడదు, చూడలేదు కూడా, ఆ గుంట ఎప్పటికీ దానికి కనపడదు. అయినా ఎంత నీటుగా తవ్వుతుందంటే, పైన సన్నటి మెడ, కిందకి వెళ్ళేకొద్దీ వెడల్పు, లోతు ఒకటిన్నర అడుగు, అంచు ఎక్కడా విరగలేదు.

గుడ్లు పెట్టడం మొదలెట్టాక ఇంక అది దేనికీ కదలదు, అప్పుడు బాబాయి మమ్మల్ని వెనక నుంచి దగ్గరికి రానిచ్చాడు. రెండేసి మూడేసి చొప్పున పడుతున్నాయి, తెల్లగా, మెత్తగా, జిగురు కారుతూ. తాబేలు కంట్లోంచి నీళ్ళు కారుతుంటే నా పక్కనున్న అమ్మాయి "ఏడుస్తోందా" అని అడిగింది. ఏడుపు కాదు, తాగిన సముద్రపు నీటిలోని ఉప్పుని కళ్ళ దగ్గరుండే గ్రంథి ద్వారా బయటికి పంపేస్తుంది, నీళ్ళలో ఉన్నప్పుడు మనకి కనపడదంతే. అంతా అయ్యాక ఇసక కప్పి, డిప్పని ఈ పక్కకీ ఆ పక్కకీ ఎత్తి ఎత్తి దబదబా కొడుతుంది, ఆ శబ్దం ఇసకలోంచి మన కాళ్ళకి తెలుస్తుంది. 40 కిలోల ప్రాణం అంత శ్రమపడి ఇసకని గట్టి చేసి, గుర్తు తెలీకుండా చుట్టూ చెదరగొట్టి, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. మొత్తం గంట పైనే పట్టింది. మాలో ఎవరూ ఒక్క ఫొటో తియ్యలేదు, తియ్యాలని ఎవరికీ అనిపించలేదు.

ఆ తర్వాతే మా పని. గూడు కళ్ళ ముందే పెట్టింది కాబట్టి చోటు తెలుసు, లేకపోతే జాడ మలుపు తిరిగిన చోట బాబాయి మడమతో నొక్కుకుంటూ వెళ్తాడు, ఇసక ఎక్కడ గుల్లగా ఉందో కాలికి తెలిసిపోతుందట, నాకు మాత్రం సీజన్ చివరిదాకా అది పట్టుబడలేదు, అది ఒక్క ఏడాదిలో వచ్చే విద్య కాదు. చేత్తోనే తవ్వాలి. గునపం, పార ఏదీ వాడరు. చేతులకి ఏమీ రాసుకుని ఉండకూడదు, బీచ్‌లో దోమలు బాగా కుడతాయి, అయినా ఓడోమాస్ రాసుకున్నవాళ్ళు గుడ్లు ముట్టుకోవడానికి లేదు, గుడ్డు పెంకు ఊపిరి పీల్చుకుంటుంది, చేతికున్నదల్లా లోపలికి పోతుంది.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏంటంటే టైము. కోడిగుడ్డుని కోడి తిప్పుతూ ఉంటుంది కదా, తాబేలు గుడ్డు అలా కాదు. పెట్టిన కొన్ని గంటల్లోనే లోపల పిండం పెంకు పైభాగాన అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోతుంది. ఒక రోజు గడిచిన గుడ్డు మీద చూస్తే పైన చిన్న తెల్లటి సున్నం మచ్చ కనపడుతుంది, అతుక్కున్న చోటు అదే. అందుకే తెల్లవారేలోపు తీసి, పైభాగం పైనే ఉండేలా, ఒక్కొక్కటీ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, అడుగున ఆ గూటి తడి ఇసకే పోసిన బకెట్‌లో పేర్చాలి. ఎన్ని తీశామో పైకి లెక్క చెప్తూ తియ్యాలి, ఇంకొకరు రాసుకుంటారు. మామూలుగా 100 నుంచి 120 ఉంటాయి, ఒక్కోసారి 150 దాకా కూడా. బైక్ మీద తీసుకెళ్తే అయిదు నిమిషాల దూరం, కానీ కుదుపులు పడకూడదని నడిచే వెళ్తాం. బకెట్ మోసేవాళ్ళతో మాట్లాడకూడదని మాలో మేం పెట్టుకున్న రూలు, మాటల్లో పడి అడుగు తడబడితే ఎలా మరి.

హ్యాచరీ అంటే ఏదో బిల్డింగ్ అనుకోకండి. పోటు అందనంత ఎత్తులో, బీచ్ ఇసకలోనే, చుట్టూ మెష్ కట్టి, మెష్‌ని అడుగు లోతున కూడా పాతి, పైన గ్రీన్ షేడ్ నెట్ వేసిన చోటు, అంతే. మెష్ లోపలికి పాతేది కుక్కలు తవ్వుకుని రాకుండా, పీతలు దూరకుండా. అందులో తాబేలు తవ్వినట్టే మెడ సన్నగా, కింద వెడల్పుగా, అదే లోతున గుంట తవ్వి, గుడ్లు తీసిన వరసలోనే పెట్టి, మొదట గూటి తడి ఇసక, పైన పొడి ఇసక కప్పుతాం. గుంటకీ గుంటకీ మధ్య రెండు మూడడుగుల ఖాళీ. పక్కన చిన్న బోర్డు, దాని మీద నంబరు, తేదీ, ఎక్కడ దొరికింది, ఎన్ని గుడ్లు. ప్రతి ఏడాదీ హ్యాచరీ చోటు మార్చాలి, లేకపోతే పాత పెంకుల వల్ల ఇసకలో బూజు, క్రిములు పెరిగి కొత్త గుడ్లని పాడుచేస్తాయి.

ఇంక ఇసక వేడి. ఆడా మగా అనేది తాబేళ్ళలో ముందే రాసిపెట్టి ఉండదు, గూటిలో వేడి తేలుస్తుంది. సుమారు 30 డిగ్రీల దగ్గర అటూ ఇటూ సమానం, అంతకన్నా చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. బాగా ఎక్కువైపోతే పిండాలు లోపలే చనిపోతాయి. జనవరిలో పెట్టిన గుడ్లకి 55 రోజుల పైన పట్టొచ్చు, మార్చిలో పెట్టినవి 45 రోజులకే వచ్చేస్తాయి. ఏప్రిల్ ఎండలు మీకు చెప్పక్కర్లేదు. షేడ్ నెట్ ఎప్పుడు వెయ్యాలి, ఎంతమేర వెయ్యాలి అనేదాని మీద ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ బీట్ ఆఫీసర్ గారికీ బాబాయికీ రోజూ చర్చే, ఈయన థర్మామీటర్ చూసి చెప్తాడు, ఆయన ఇసకలో చెయ్యి పెట్టి చెప్తాడు, చాలాసార్లు ఇద్దరి మాటా ఒకటే అయ్యేది. నాకైతే ఇక్కడ భయమేస్తుంది. మనం ఒక నీడగుడ్డ అటూ ఇటూ జరిపితే ఆ గూటిలో పుట్టే పిల్లల్లో ఆడెన్ని మగెన్ని అనేది మారిపోతుంది. తల్లి తనకి తెలిసిన చోటు ఎంచుకుని పెట్టిన గుడ్లకి మనం తీసుకుంటున్న నిర్ణయం అది.

ఆ నెలల్లోనే ఒడ్డుకి చచ్చిన తాబేళ్ళు కూడా కొట్టుకొస్తాయి. దీని గురించి వీడియోలు ఎవరూ పెట్టరు. తెల్లారి నడకలో గూడు జాడ దొరుకుతుందేమో అని వెళ్తే ఉబ్బిపోయిన పెద్ద తాబేలు కనపడుతుంది, గుడ్లతో ఉన్నది, ఒంటి మీద ఒక్క గాయం ఉండదు. తాబేలు చేప కాదు, ఊపిరి కోసం పైకి రావాలి, పెద్ద బోట్లు నీళ్ళలో ఈడ్చుకెళ్ళే ట్రాల్ వలలో పడి గంటల తరబడి లాక్కెళ్తే ఊపిరాడక చచ్చిపోతుంది. వల మధ్యలో ఇనప చువ్వల జాలీ పెట్టి, దాని పైన ఒక దారి వదిలితే రొయ్య వెనక్కి వెళ్తుంది, తాబేలు బయటికి వెళ్తుంది, టెడ్ అంటారు దాన్ని. అది వాడట్లేదనే కారణంతోనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది, అంటే నష్టం తాబేలుకే కాదు, హార్బర్ మీద బతికేవాళ్ళకి కూడా. చేప కూడా ఆ దారిలోనే పోతుందని బోటు వాళ్ళ బాధ, అది నిజమైన బాధే, కాదనను. కానీ ఒక్క తల్లి పోతే ఎన్ని సీజన్ల గుడ్లు పోతాయో లెక్కేసుకోండి. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒకటే అంటారు, అలా బతికి బట్టకట్టి 35 కిలోలకి పెరిగిన తల్లి అది.

బాబాయి వయసు వాళ్ళు వలలో తాబేలు పడితే పసుపు కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని వదిలేసేవాళ్ళట. "శ్రీకూర్మం దేవుడు కదమ్మా, ఆయన్నెలా సంపుతాం" అంటాడు. శ్రీకూర్మంలో దేవుడు కూర్మరూపంలోనే ఉంటాడు, ఉత్తరాంధ్రలో వెళ్ళని ఇల్లు ఉండదు. పెద్ద బోటు ఇంజను వేగంలో వల పైకొచ్చేసరికి దణ్ణం పెట్టడానికి ప్రాణం ఉండట్లేదు, అదీ తేడా.

సరే, పిల్లలు వచ్చే టైము. 45 రోజులు దాటిన ప్రతి గూటి మీదా వెదురు గంప బోర్లించి పెడతాం, పిల్లలు చెదిరిపోకుండా. గూడు రెడీ అయిందని ఇసకే చెప్తుంది, పైన చిన్న పల్లం పడుతుంది. కింద పిల్లలు పెంకులు చీల్చుకుని బయటికొచ్చాక ఆ ఖాళీలోకి ఇసక జారుతుంది, అలా జారిన ఇసక మీదికి ఎక్కుతూ అందరూ కలిసి రెండు మూడు రోజుల పాటు పైకి వస్తారు. పైన ఇసక వేడిగా ఉంటే అక్కడే ఆగిపోతారు, చల్లబడితే అంటే చీకటి పడ్డాక బయటికి. ఒక రాత్రి నేను గంప పక్కనే కూర్చుని ఉండగా ఒక ముక్కు బయటికొచ్చింది, ముక్కు చివర పెంకు చీల్చే తెల్లటి చిన్న ముల్లు ఇంకా ఉంది, కళ్ళ నిండా ఇసక. అది కదలకుండా అలాగే ఉండిపోయింది, నేనూ కదల్లేదు. తర్వాత దాని పక్కన ఇంకోటి, ఇంకోటి, అరగంటలో గంప నిండా పిల్లలే, ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతూ.

మా పిన్ని కూతురు సియాటిల్ దగ్గర ఉంటుంది, అక్కడ స్కూళ్ళలో సాల్మన్ చేప గుడ్లు తెచ్చి క్లాస్‌లో చల్లటి నీళ్ళ ట్యాంక్‌లో పొదిగిస్తారు, పిల్లలు వాటికి మేత వేసి కొన్ని నెలలు పెంచి వాగులో వదులుతారు. దాని కొడుకు వీడియో కాల్‌లో చూపించి "మీ తాబేళ్ళకి ఏం పెడతారు పిన్నీ" అని అడిగాడు. ఏమీ పెట్టం రా అన్నాను. సాల్మన్‌ని కొన్నాళ్ళు పెంచొచ్చు. తాబేలు పిల్ల పొట్టలో పచ్చసొన మిగిలి ఉంటుంది, దానికి మొదటి కొన్ని రోజుల తిండి అదే, ఆ బలంతోనే అది ఒడ్డు దాటి, కెరటాలు దాటి, ఒక రోజు పైన ఆగకుండా లోతు నీళ్ళలోకి ఈదాలి. టబ్‌లో ఉంచితే ఆ ఈత అంతా టబ్ గోడలకేసి కొట్టుకోవడంలో అయిపోతుంది. అందుకని వచ్చిన రాత్రే వదలాలి. ఒకసారి ఎవరో పెద్దాయన ఫ్యామిలీతో వస్తున్నారు పొద్దున్న ఎనిమిది దాకా ఆపండి అని ఫోన్ వచ్చింది, బీట్ ఆఫీసర్ గారు కుదరదండీ అని చెప్పి అయిదింటికే వదిలించేశారు, ఆయన మీద నాకు గౌరవం చాలా పెరిగింది ఆ రోజు.

వదలడం కూడా నీళ్ళలో విడిచిపెట్టడం కాదు. నీటికి కొన్ని గజాల వెనక తడి ఇసక మీద పెట్టి తప్పుకోవాలి, నడక వాటిదే. పుట్టిన తీరాన్ని అవి గుర్తుపెట్టుకుని 10, 15 ఏళ్ళకి గుడ్లు పెట్టడానికి ఆ చుట్టుపక్కలకే తిరిగొస్తాయి, సాల్మన్ పుట్టిన వాగుకి వచ్చినట్టే. ఏ క్షణంలో ఆ గుర్తు పడుతుందో మనకి ఎందుకు, నడవనిస్తే సరి. చూడ్డానికి వచ్చినవాళ్ళని తాడు వెనకాల నిలబెడతాం, ఫ్లాష్ వద్దంటాం, చేత్తో తీసి సెల్ఫీ దిగుతామన్నవాళ్ళకి గట్టిగానే చెప్తాం. నా డ్యూటీ ఏంటంటే అడుగుజాడలు చెరిపెయ్యడం. పొడవాటి చెక్క తీసుకుని నీళ్ళ దాకా ఇసకని సాపు చేస్తాను, ఎందుకంటే పిల్ల పొడవు నాలుగు సెంటీమీటర్లే, మన కాలు పడ్డ గుంటలో పడితే దానికి అది పెద్ద గొయ్యి, ఎక్కలేక తిరగబడిపోతుంది. నేను చెక్కతో సాపు చేసిన చోట అవి ఎక్కడా ఆగకుండా వెళ్తుంటే ఆ సీజన్ మొత్తంలో నాకు అంత సంతోషం ఇంకెక్కడా కలగలేదు.

ఇంక లైట్లు. పిల్లలకి సముద్రం ఎటుందో ఎవరూ చెప్పరు, చీకట్లో ఎటు వెలుతురుగా ఉంటే అటు పోతాయి. మనుషులు లేని తీరంలో వెలుగు ఉండేది నీటి వైపే, చుక్కల వెలుగు నీళ్ళ మీద పడి. మన దగ్గర వెలుగు రోడ్డు వైపు. ఒక రాత్రి గంప తీసేసరికి సగం పిల్లలు వెనక్కి తిరిగి బీచ్ రోడ్ వైపు పాకడం మొదలెట్టాయి, అక్కడ ఒక రెస్టారెంట్ కొత్తగా పెద్ద ఫ్లడ్ లైటు పెట్టింది. మేం అడ్డంగా వరసగా కూర్చుని మా నీడతో ఆ వెలుగుని ఆపాల్సొచ్చింది. మర్నాడు వెళ్ళి మేనేజర్ గారిని అడిగితే మంచిగానే విన్నారు, మూడు రాత్రులు ఆపారు, తర్వాత మళ్ళీ వేశారు, మళ్ళీ వెళ్ళాం. చివరికి లైటుని కిందకి వంచి సముద్రం వైపు రేకు అడ్డం పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆయనకి ఖర్చు కూడా పెద్దగా అవ్వలేదు.

పిల్లలు వెళ్ళిన రెండు మూడు రోజులకి గూడు తవ్వి లెక్క చూడాలి, ఈ పనికి ఎవరూ ముందుకి రారు. ఖాళీ పెంకులు ఒక పక్క, పొదగని గుడ్లు ఒక పక్క, లోపలే చనిపోయిన పిల్లలు ఒక పక్క. వాసన బాగా వస్తుంది. పొదగని గుడ్లని విప్పి ఏ దశలో ఆగిపోయిందో రాసుకుంటారు, మొదట్లోనే ఆగిందా, చివర్లో ఆగిందా అన్నదాన్ని బట్టి మోసినప్పుడు కుదుపు పడిందా, వేడి ఎక్కువైందా అని కొంత తెలుస్తుంది. అప్పుడప్పుడు అడుగున ఇసకలో ఇరుక్కుని ఒకటో రెండో బతికున్నవి దొరుకుతాయి, వాటి కోసమైనా ఆ వాసన భరించొచ్చు.

ఈ లెక్క చూసినప్పుడే నాకు మొదట్లో చెప్పిన మాట, హ్యాచరీ అక్కర్లేని రోజే మంచిదన్నది, గట్టిగా అనిపించింది. ఫిబ్రవరిలో ఒక గూడు సంగతి వాకింగ్‌కి వచ్చిన మాష్టారు ఒకాయన చెప్తే తెలిసింది, కానీ అప్పటికే ఒక రోజు దాటిపోయింది, గుడ్ల మీద తెల్ల మచ్చ వచ్చేసింది, ఇంక కదపకూడదన్నారు. చోటు కూడా పోటుకి అందని ఎత్తులోనే ఉంది. అక్కడికక్కడే చుట్టూ మెష్ కట్టి, రాత్రుళ్ళు వంతులేసుకుని కాపలా కాశాం. తల్లి పెట్టినచోటే, మనిషి చెయ్యి పడకుండా పొదిగిన ఆ గూట్లో పాడైన గుడ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. హ్యాచరీలో బాగా వచ్చిన గూళ్ళకి అది ఏమాత్రం తీసిపోలేదు. బాబాయి అయితే ఆశ్చర్యపోలేదు, "అదెట్టుకున్న సోటు దానికి తెలీదేటమ్మా" అన్నాడు.

మరి అన్నీ అలాగే వదిలెయ్యొచ్చు కదా అంటే, కుదరట్లేదు. కుక్కలు ఒక కారణం, బీచ్‌లో పారేసిన చికెన్ బొక్కలు, ప్లేట్లే వాటిని అక్కడికి రప్పిస్తున్నాయి. ఇసక కోసుకుపోవడం ఇంకో కారణం, ఆర్కే బీచ్ వైపు ఒడ్డు ఎంత తరిగిపోయిందో పాతవాళ్ళందరికీ తెలుసు, కోత ఆపడానికి వేసిన బండరాళ్ళు ఉన్నచోట తాబేలు ఎక్కలేదు, రాళ్ళ ముందే పెట్టేస్తే పోటు కెరటం ముంచేస్తుంది. లైట్లు మూడోది. హ్యాచరీ ఈ మూడింటికీ మందు కాదు, ఇవి ఉన్నన్నాళ్ళు గుడ్లు దాచుకునే చోటు మాత్రమే. అందుకే ఈసారి నుంచి మా జట్టు హ్యాచరీ పని చేస్తూనే, తీరం వెంబడి ఉన్న హోటళ్ళు, అపార్ట్‌మెంట్లు తిరిగి లైట్ల గురించి మాట్లాడే పని కూడా పెట్టుకుంది. ఆ పనికి రాత్రి నిద్ర మానుకోవక్కర్లేదు కాబట్టి పెద్దవాళ్ళు కూడా వస్తున్నారు, మా అమ్మతో సహా.

మే నెలలో చివరి గూడు అయిపోయాక మెష్ విప్పి, షేడ్ నెట్ మడత పెట్టి, పెంకులు ఏరి ఇసకని శుభ్రం చేస్తాం. మళ్ళీ డిసెంబర్ చివర్లో మొదలు. రావాలనుకునేవాళ్ళు నవంబర్‌లోనే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి వెళ్ళి పేరు ఇవ్వండి, అప్పటికప్పుడు వస్తే గుడ్ల పని ఇవ్వరు. నల్ల బట్టలు, చెప్పులు లేకుండా ఇసకలో నాలుగైదు కిలోమీటర్లు నడిచే అలవాటు, మంచినీళ్ళ సీసా, ఇవి చాలు. రాలేనివాళ్ళు బీచ్‌లో తాబేలు కనపడితే దూరంగా ఆగిపోండి, లైటు ఆర్పెయ్యండి, పక్కనున్న కుక్కల్ని తోలండి. గూడు కనపడితే తవ్వకండి, పక్కన కర్ర గుచ్చి ఫారెస్ట్ వాళ్ళకి గానీ దగ్గర్లో ఉన్న పేటలో వాచర్‌కి గానీ వెంటనే చెప్పండి, ఎన్ని గంటలకి చూశారో కూడా చెప్పండి, గుడ్లు కదపొచ్చో లేదో ఆ టైమును బట్టే తేలుతుంది.